లెక్క రాసుకున్న ఆటగాడు



వ్యక్తిత్వ వికాసం అనగానే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’, ఆ వెంటనే బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు. ఈ రోజు 1949 నాటి ఓ అమెరికా పుస్తకం సంగతి చెబుతాను. రాసినవాడు ఫ్రాంక్ బెట్గర్.

ఆయన బేస్‌బాల్ ఆటగాడు. అదీ మన క్రికెట్ లాగా బంతీ బ్యాటూ ఆటే. 1910లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో ఆడాడు. చేతికి దెబ్బ తగిలి ఆట ఆగిపోయింది. సొంతూరు ఫిలడెల్ఫియా చేరి జీవిత బీమా పాలసీలు అమ్మబోతే, కొనేవాళ్లు కరువయ్యారు. డేల్ కార్నెగీ ప్రసంగ తరగతుల్లో చేరాక గానీ, మైదానంలో చూపిన హుషారు తన మాటలో లేదని తెలిసిరాలేదు.

హుషారు సరే, నన్ను కట్టిపడేసింది మాత్రం ఆయన లెక్కల పుస్తకం. ఎవరిని ఎన్నిసార్లు కలిసిందీ రాసుకుని చూసుకున్నాడు. 70 శాతం పాలసీలు మొదటిసారి కలిసినప్పుడే కుదిరాయి, 23 శాతం రెండోసారికి. మిగిలిన 7 శాతం కోసం సగం కాలం కాళ్లరిగేలా తిరుగుతున్నాడు! ఆ తిరుగుడు మానేశాడు. ఒక్కో కలయికకు 2 డాలర్ల 80 సెంట్లున్న రాబడి 4 డాలర్ల 27 సెంట్లయింది.

గ్రంథాలయోద్యమానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావును ఇచ్చిన కర్నూలు నేల మనది. ఇలాంటి పుస్తకాలు కావాలని మీ దగ్గరి శాఖా గ్రంథాలయంలో అడగండి, పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్లండి.