మూగజీవికి వీడుకోలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు పశువుల ప్రసక్తి యేల యని తలపకుడు. మన బీరువాలోని భారత రామాయణములు రెండును ఈ విషయమును పలికినవే. తన వెంట నడచిన కుక్కను విడిచి ఇంద్రుని రథమెక్కుటకు ధర్మరాజు ఒప్పుకొనలేదు. తిక్కన సోమయాజి తెనిగించిన మహాప్రస్థానిక పర్వములో ఆ కథ యున్నది. శ్రీరాముడు జటాయువునకు స్వహస్తములతో దహనము గావించి గోదావరిలో ఉదకము విడిచెను. కందకుర్తి వద్ద మన మంజీర కలియునది ఆ గోదావరిలోనే గదా!

కోటగిరి ప్రాంతమున ఎడ్లకు రెండు పండుగలు. శ్రావణ అమావాస్యనాడు, పొరుగున నున్న మహారాష్ట్రమునందువలెనే, పొలాల పండుగ. 1931లో నిజాంసాగరు పూర్తియై కాలువలు పారిన పిదప కోస్తా జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన రైతులు కనుమను తమతో తెచ్చుకొనిరి. మా ఇంట రెండును జరుపుదుము. కనుమనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, పొంగలి తినిపింతురు, కాడి కట్టరు. 'కనుమనాడు కాకియైనను కదలదు' అను సామెత మనుష్యుల ప్రయాణములను గూర్చినదే. అయినను బండి కట్టనిదే ప్రయాణము లేని ఆ కాలమున దాని ఫలము ఎద్దు మెడకు దక్కినది.

మా ఇంట రాముడను దాపటి ఎద్దు ఉండెడిది. 1937లో బోధనులో స్థాపింపబడిన నిజాం చక్కెర కార్ఖానాకు అది ఎన్నో చలికాలములు చెరకు మోసినది. 2015లో కార్ఖానా మూతబడినది. మా చెరకు మడి వరిమడి యైనది. దున్నుటకు ట్రాక్టరు వచ్చినది. పనిలేని ముసలి ఎద్దును కొనుటకు బేరగాడు గడపకు వచ్చెను. ఆ యేడు మాకు అప్పుండెను. లెక్కలు వ్రాయువాడను గనుక మేతకగు ఖర్చెంతో, చేతికి వచ్చు పైకమెంతో నాకు తెలియకపోలేదు. కాని అది మోసిన బరువును ఏ ఖాతాలో వ్రాయవలెనో తెలియలేదు. "మనలను నమ్మి ముసలిదైనది, ఎక్కడికి పంపుదుము?" అని మా ఇల్లాలు అనినది. బేరగాడు వట్టి చేతులతో మరలెను. ఆ అప్పు తీరుటకు మరి రెండు పంటలు పట్టెను.

మూడేండ్లకు పుష్యమాసమున, భోగికి ముందు రాత్రి, అది ప్రాణము విడిచినది. చేని గట్టున గోయి త్రవ్వి, ఉప్పు, పసుపు చల్లి పూడ్చితిమి. కనుమనాడు జతయెద్దుకు ఒక ముద్ద పొంగలి పెట్టి, రెండవ ముద్దను ఆ మట్టిపై నుంచితిమి. కాడిని కడిగి కొట్టములో గోడకు చేర్చి, దాపటి వైపున బొట్టు పెట్టి దీపము వెలిగించితిమి. వెలపటి ఎద్దు ఆ కాడిని వాసన చూచి, చాలసేపు మేత ముట్టక నిలిచినది. ఇది ఏ శాస్త్రమున నున్నదని ఒకరడిగిరి. తిన్న అన్నమునకు కృతజ్ఞత చూపుటకు వేరు శాస్త్రమేల యంటిని.

మహాజనులారా! కొట్టములు ఖాళీ యగుచున్నవి. ఎద్దును ఎరుగని బిడ్డలు పెరుగుచున్నారు. కనుక నా విన్నపమొకటి. ఏ ఇంట పశువు గతించినను, ఆ కనుమకు దాని పేర ఒక ముద్ద తీసి యుంచుడు. దాని పేరును, అది చేసిన చాకిరిని బిడ్డలకు చెప్పుడు. మన గ్రంథాలయములో ఒక పుస్తకము తెరచి ఆ పేర్లను వరుసగా వ్రాయుదము. ఆ లెక్క వ్రాయు భారము నాది.

సెలవు.