చివరి రోజుల సేవ: మనమూ, మన కుటుంబాలూ తెలుసుకోవలసిన సంగతులు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. అవి కార్యదర్శిగారు నాకంటే బాగా చెబుతారు. నేను ఎంచుకున్న విషయం కొందరికి అశుభంగా తోచవచ్చు. కాని డెబ్బై దాటిన మనం కాకపోతే ఈ సంగతి ఇంకెవరు మాట్లాడుకుంటారు? నేను డాక్టరును కాను, గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివి తెలుసుకున్నవి, మా ఇంట్లో చూసినవి మాత్రమే మనవి చేస్తాను.

జబ్బు నయమయ్యే దశ దాటినప్పుడు "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అంటారు. ఆ మాట సగమే నిజం. జబ్బుకు చేసేది లేకపోవచ్చు గాని, మనిషికి చేయవలసింది చాలా ఉంటుంది. నొప్పి, ఆయాసం, వాంతులు, మంచపు పుండ్లు, నిద్రలేమి, భయం, వీటిని తగ్గించే వైద్యం ఉంది. దానినే పాలియేటివ్ కేర్, తెలుగులో ఉపశమన చికిత్స అంటారు. ఇది జబ్బు బయటపడిన నాటినుంచీ మామూలు చికిత్సతోపాటే సాగవచ్చు. చివరి నెలల్లో, వారాల్లో అందించే సేవను హాస్పిస్ అంటారు.

1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించి ఈ పద్ధతికి దారి చూపారు. రోగి నొప్పి ఒంటికే కాదు, మనసుకూ, కుటుంబానికీ, ఆత్మకూ సంబంధించినదని ఆమె చెప్పారు. మన దేశంలో 1986లో బొంబాయిలో శాంతి ఆవేదనా సదన్ వెలిసింది. 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ ప్రభృతులు సంఘం పెట్టి, వాలంటీర్ల సాయంతో ఈ సేవను ఇళ్ల దాకా తీసుకెళ్లారు. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది.

మా ఇంటి సంగతి చెబుతాను. 2019లో నా భార్యకు క్లోమగ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కాలేయానికి పాకింది. ఒక ఆసుపత్రివారు ఐ.సి.యు.లో ఉంచుదామన్నారు. ఇల్లు అమ్మైనా సరే చేర్పిద్దామన్నాడు మా పెద్దవాడు. ఆవిడ వాణ్ణి దగ్గరకు పిలిచి, "ఒరే నాన్నా, నన్ను ఆ గాజు తలుపుల వెనక పడుకోబెట్టొద్దురా. వీధి కిటికీ దగ్గర మంచం వెయ్యండి, చాలు" అంది. అలాగే వేశాము.

ఉపశమన చికిత్స నర్సమ్మ వారానికొకసారి వచ్చేది. డాక్టరుగారు మార్ఫిన్ మాత్రలు రాశారు. మూడోనాటి రాత్రి ఆవిడ తెల్లవార్లూ నిద్రపోయింది. తరువాత తొమ్మిది వారాలు బతికింది. ఆ తొమ్మిది వారాల్లో కోడలికి ఆవకాయ పాళ్లు చెప్పింది, ఏ నగ ఎవరికో పంచింది, నాకు గ్యాస్ బుక్ చేయడం నేర్పింది. ఇంటిల్లిపాదీ చుట్టూ ఉండగా వెళ్లిపోయింది.

తరువాత "డబ్బుకు వెనకాడి ఆసుపత్రికి తీసుకెళ్లలేదు" అన్నవాళ్లున్నారు. ఆ మాట మావాణ్ణి చాలాకాలం బాధపెట్టింది. "మీ అమ్మ అడిగింది నువ్వు ఇచ్చావు, నాయనా" అని నేను వాడికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అందుకే పెద్దలు తమ కోరికను నలుగురి ఎదుటా ముందే చెప్పాలంటున్నాను. లేకపోతే ఆ భారం పిల్లల మీద పడుతుంది.

ఇక సందేహాలు. మార్ఫిన్ అలవాటైపోతుందని, ఆయుస్సు తగ్గిస్తుందని భయపడతారు. డాక్టరు సలహాపై నొప్పికి సరైన మోతాదులో వాడితే వ్యసనంగా మారడం అరుదు, అది ప్రాణం తీయదు. మామూలు మాత్ర నాలుగు గంటలకొకసారి, వేళ తప్పకుండా ఇవ్వాలి. మలబద్ధకం వస్తుంది కాబట్టి విరేచనానికి మందు కూడా రాస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఈ మందు దొరకడం కష్టంగా ఉండేది. 2014లో సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు సులభమైంది.

తిండి మాటకొస్తే, చివరి రోజుల్లో ఆకలి చావడం సహజం. బలవంతంగా జావ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తడి దూదితో పెదవులు తడుపుతూ ఉండండి. తులసితీర్థం కూడా చుక్క పెదవికి అద్దితే చాలు. రెండు గంటలకోసారి పక్క మార్చండి. మాట పడిపోయినా చెవి వినిపించవచ్చు, కనుక మంచం పక్కన ఆస్తి తగాదాలు వద్దు.

చట్టం సంగతి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ముందస్తు వైద్య నిర్దేశాన్ని, అంటే లివింగ్ విల్‌ను, అంగీకరించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. స్థిమితంగా ఉన్నప్పుడే, కోలుకునే ఆశ లేని స్థితిలో కృత్రిమ యంత్రాలతో ప్రాణం నిలపవద్దని రాసుకోవచ్చు. మన తరఫున నిర్ణయించేవారి పేర్లు అందులో ఉండాలి. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. గెజిటెడ్ సంతకాల కోసం జీవితమంతా తిరిగినవాళ్లం, ఇదొక్కటి మనకు కష్టమా? మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. అమలు చేసేముందు రెండు వైద్య బోర్డులు పరిశీలిస్తాయి. అయితే ఇంజక్షను ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం మన దేశంలో నేరమే.

చివరగా రెండు విన్నపాలు. ఒకటి, ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని మీ కోరిక చెప్పండి. నామినేషన్లు, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ఎక్కడున్నాయో మీ జీవిత భాగస్వామికి చూపించండి. రెండవది మన సంఘానికి. రోగిని చూసుకునేవారు ఇల్లు కదలలేరు. నేను గుడికి కూడా వెళ్లలేకపోయేవాణ్ణి. మనలో ఓపిక ఉన్నవారు వారానికి రెండు గంటలు అటువంటి ఇంట్లో కూర్చుంటే వారికి ఊపిరి ఆడుతుంది. అందుకు ఒక జాబితా తయారుచేయమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. మొదటి పేరు నాది రాసుకోండి.