మాత్ర మెల్లగా మానాలి

కీళ్లవాతానికి ప్రెడ్నిసొలోన్ మాత్రలు నెలల తరబడి వాడేవారు నొప్పి తగ్గిందనో, ముఖం ఉబ్బిందనో, బళ్లారి నుంచి ఆదోనికి పెళ్లికి వెళ్తే మాత్రలు అయిపోయాయనో ఒక్కసారిగా మానేస్తుంటారు. అది ప్రమాదం.

మన మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. అదే పని మాత్ర చేస్తుంటే అవి క్రమంగా పని తగ్గించుకుంటాయి. 3, 4 వారాలకు మించి వాడి హఠాత్తుగా ఆపితే అవి వెంటనే మేలుకోవు. నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, రక్తపోటు పడిపోవడం, చివరకు ప్రాణం మీదికి రావచ్చు.

అందుకే డాక్టరుగారు మోతాదును మెట్టుమెట్టుగా దించుతారు. 5 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చాక మరీ నిదానం. నెలకు 1 మిల్లీగ్రాము చొప్పున తగ్గించడమూ ఉంది. మధ్యలో కీళ్లు మళ్లీ పట్టేస్తే మీ అంతట మీరు మాత్ర పెంచుకోకండి, డాక్టరుకు చెప్పండి.

ప్రయాణంలో మందుచీటీ, మాత్రల షీటు వెంట ఉంచుకోండి. భాష రాని ఊళ్లోనైనా అవే మీ తరఫున మాట్లాడతాయి. జ్వరం వచ్చినా, ఆపరేషనన్నా ఈ మాత్ర సంగతి ముందే చెప్పండి. మానేసిన తర్వాత కూడా ఏడాదిపాటు చెప్పడం మంచిది. వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.