సీటు మనది, పద్దు ఎవరిది?

(పరకాలలో వాడల కార్యకర్తల కూటమిలో మేము మాట్లాడిన మాటల పాఠం)



ఎమ్మెల్యే ఎన్నికంటే మనోళ్లు నెల ముందు నుండే కదులుతరు. ఢిల్లీ ఎన్నికంటే రాత్రంతా టీవీ ముందు కూసుంటరు. మున్సిపాలిటీ వార్డు ఎన్నిక అనంగనే మాత్రం "అదేముంది, మోరీల ఎన్నిక" అని చెయ్యి ఊపేస్తరు. మేము ఇయ్యాల ఆ మోరీల ఎన్నిక గురించే మాట్లాడదలుచుకున్నం. పట్నం మురికి అంతా పల్లానికి పారుతది. పల్లంల ఉన్నదెవరు? మనమే. మోరీ ఎటు తిరగాలె, నల్లా పైపు ఏ గల్లీ దాక రావాలె, ఊడ్చెటోళ్లకు జీతం ఏ తారీఖున పడాలె - ఇవేవీ అసెంబ్లీల తేలేటివి కావు. మున్సిపల్ ఆఫీసు హాలులో, మనోళ్లు ఒకరిద్దరు కూసున్న బల్ల చుట్టూ తేలుతయి.

మహద్ చెరువు కథ మీకందరికీ తెలుసు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితోని నడిచిపోయి చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగిండు. ప్రతి ఏప్రిల్ 14కు మనం చెప్పుకుంటనే ఉన్నం. అయితే అందులో ఒక ముచ్చటను చానామంది వక్తలు దాటేసి పోతరు. ఆ చెరువు మహద్ మున్సిపాలిటీది. సర్కారు సొమ్ముతో నడిచే బావులు, చెరువులు అంటరానోళ్లకూ తెరవాలని 1923లో బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే తీర్మానం పెట్టిండు, అది నెగ్గింది. దాని మీద 1924 జనవరిలో మహద్ మున్సిపాలిటీ తన చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. మూడేండ్లు ఆ తీర్మానం కాగితం మీదనే పండుకున్నది. మనోళ్లు నడిచి పోయినంకనే దానికి ప్రాణం వచ్చింది. ఆ వెంటనే ఏమైంది? మనోళ్ల మీద కట్టెలతో దాడి చేసిండ్రు, చెరువును పేడ నీళ్లతో 'శుద్ధి' చేసుకున్నరు. 1927 ఆగస్టు 4న అదే మున్సిపాలిటీ కూసోని తన తీర్మానాన్ని తానే రద్దు చేసింది. మళ్ల ఆ హక్కు చేతికి రావడానికి బొంబాయి హైకోర్టు 1937 మార్చి తీర్పు దాక ఆగాల్సి వచ్చింది. పదేండ్లు!

తెరిచిన తీర్మానానికీ చేతులెత్తింది కౌన్సిలే, మూసిన తీర్మానానికీ చేతులెత్తింది కౌన్సిలే. మేము మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ ఎత్తిన చేతుల్లో మనవి ఎన్ని?

"ఇప్పుడు రిజర్వేషన్ ఉన్నది కదా" అంటరు. ఉన్నది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమలుకు వచ్చింది. జనాభా ఎంతుంటే అన్ని వార్డులు మనకు ఇయ్యాలని 243-టి అధికరణం రాసి పెట్టింది. చైర్మన్ కుర్చీ కూడా వంతుల వారీగా మనకు వస్తది. కాదనం. కానీ పరకాలోళ్లకు సీటు సంగతి ఒకరు కొత్తగా చెప్పాల్నా? మన అసెంబ్లీ సీటు 2004 ఎన్నిక దాక ఎస్సీ రిజర్వుడే. 2009 నుండి జనరల్ అయింది. అన్నేండ్లు సీటు మన పేరు మీద నడిచింది. పోయిన నాడు మన వాడల చేతిలో ఏం మిగిలింది? ఎవరి ఇంటి ముందట వాళ్లే లెక్క కట్టుకోండ్రి. సీటు ఇచ్చినోడు టిక్కెట్టు తన జేబులనే పెట్టుకుంటడు. టిక్కెట్టు కావాలంటే దొర గడప తొక్కాలె. గడప తొక్కినోడు సభలో నోరు తెరుస్తడా?

వార్డులో ఇది ఇంకా సులువుగా జరుగుతది. 2020 జనవరి 22న తెలంగాణలో 120 మున్సిపాలిటీలు, 9 కార్పొరేషన్లకు పోలింగు జరిగింది. ఓటు పడకముందే రాష్ట్రంలో 80 వార్డులు ఏకగ్రీవమైనయి. మన పరకాలలో కూడా పోటీ లేకుండ వార్డులు పోయినయి. ఏకగ్రీవం అంటే అందరూ ఒప్పుకున్నరని అర్థం. ఒప్పుకున్నది ఎవరు? కులపెద్ద ఒప్పుకున్నడు, గుడికి ఇంత ఇస్తమంటే ఒప్పుకున్నడు. ఓటు వేసే ఆడబిడ్డను ఎవరన్న అడిగిండ్రా? బాబాసాహెబ్ రాజ్యాంగంలో రాసి ఇచ్చిన ఓటును బ్యాలెట్ పెట్టె దాక పోకుండనే తీసుకున్నట్టు కాలేదా?

సరే, పోటీ పెట్టి గెలిచినమే అనుకుందాం. అప్పుడు ఇంకొక తలుపు అడ్డం వస్తది. చైర్మన్‌ను ఎన్నుకునేటప్పుడు ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు పదవి రీత్యా సభ్యులుగా వచ్చి ఓటేస్తరు. రంగారెడ్డి జిల్లా తుక్కుగూడల 2020లో 15 వార్డులు ఉంటే 9 వార్డులు గెలిచిన పార్టీకి చైర్మన్ పదవి దక్కలే. పదవి రీత్యా సభ్యుల ఓట్లు తక్కెడను మలిపినయి. ఏ పార్టీ ఓడింది, ఏ పార్టీ గెలిచింది అన్నది మన పని కాదు. వార్డు వార్డు తిరిగి ఓటేసిన జనం లెక్కను, ఆ వార్డుల్లో పోటీ చేయనోళ్లు వచ్చి మార్చవచ్చు - గుర్తు పెట్టుకోవలసింది ఇది. మనోళ్లు ఎప్పుడన్న ఒక మున్సిపాలిటీల మెజారిటీ తెచ్చుకుంటే ఈ తలుపే అడ్డం పడుతది.

ఇగ అసలు ఎన్నికే పెట్టకపోతే? రాజ్యాంగం 243-యు అధికరణం అయిదేండ్ల గడువు తీరకముందే ఎన్నిక పూర్తి చేయాలంటది. హైదరాబాదు కార్పొరేషన్ గడువు 2014 డిసెంబరుల తీరితే ఎన్నిక 2016 ఫిబ్రవరి 2న జరిగింది. 2020లో గెలిచిన మన మున్సిపాలిటీల కౌన్సిళ్ల గడువు 2025 జనవరిలో తీరితే, కుర్చీలు ప్రత్యేక అధికారుల చేతికి పోయినయి. అధికారిని వాడ మనిషి ఎక్కడ నిలదీస్తడు? ఆయనకు మన ఓటుతో పనిలేదు.

హైదరాబాదుల కౌన్సిల్ లేని ఆ కాలంలనే 2015 జులైల సఫాయి కార్మికులు సమ్మె కట్టిండ్రు. పట్నమంతా చెత్త కుప్పలు పడ్డంక సర్కారు దిగొచ్చి నెల జీతం 8,500 నుండి 12,500 చేసింది. చీపురు పట్టిన చేతుల్లో ఎక్కువ మంది మాదిగ, మాల ఆడబిడ్డలే. గెలుపు వాళ్లది. కానీ ఆ పెంపు హైదరాబాదు కార్పొరేషన్‌కే. మిగతా మున్సిపాలిటీల్లో అదే చీపురు, అదే చెత్త, జీతం మాత్రం పాతదే. వాళ్లు సమ్మె ఇంకా నడపాల్సి వచ్చింది. ముందట కార్పొరేషన్ ఎన్నిక ఉన్నది గనుక అక్కడ చెయ్యి వదులైందని మా లెక్క. చిన్న మున్సిపాలిటీల్లో కౌన్సిళ్లు ఉండె, మన రిజర్వుడు కౌన్సిలర్లూ ఉండిరి. సఫాయోళ్ల జీతం పెంచాలని తీర్మానం పెట్టిన కౌన్సిలర్ మీకెవరన్న ఎరుకేనా?

ఇక్కడ దూరదేశం ముచ్చట ఒకటి చెప్పాలె. పురపాలక ఓటుతో ఏమైతదో చూపెట్టిన పట్నం ఒకటున్నది. ఆస్ట్రియా రాజధాని వియన్నా. అక్కడ పాత కాలంల నగర సభకు ఓటు పన్నును బట్టి ఉండేది. పన్ను ఎక్కువ కట్టేటోళ్లు ఒక గుంపు, తక్కువోళ్లు ఇంకో గుంపు. 1900లో కూలి మగవాళ్లకు కూడా ఓటు ఇచ్చినమన్నరు గని 158 సీట్లల 20 సీట్లు వాళ్లకు విదిలించిండ్రు. ఆడోళ్లకు అదీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంల రాజు కూలినంక 1919 మే 4న ఆడ మగ అందరికీ సమాన ఓటుతో ఎన్నిక జరిగింది. 165 సీట్లల కార్మికుల పార్టీ సోషల్ డెమొక్రాట్లకు 100 వచ్చినయి.

సీట్లు వచ్చినయని సంబురం చేసుకుని ఇంటికి పోలేదు వాళ్లు. ముందుగాల ఖజానా పట్టుకున్నరు. హ్యూగో బ్రైట్నర్ అనే యూదుడు పద్దు చూసేటోడు. కార్ల మీద, పందెం గుర్రాల మీద, ఇంట్ల పెట్టుకున్న పనోళ్ల లెక్క మీద పన్ను వేసిండు. 1923లో ఇండ్ల కోసమని వేరే పన్ను పెట్టిండు. చిన్న ఇంటికి నామమాత్రం, పెద్ద మేడకు బరువు. అన్నింటికన్న ఖరీదైన అర శాతం ఇండ్లే ఆ పన్నుల 40 శాతం మించి కట్టినయి. ఆ సొమ్ముతో 1934 నాటికి 60 వేలకు పైగా ఇండ్లు కట్టి కూలోళ్లకు ఇచ్చిండ్రు. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే ఒక్క కట్టడమే కిలోమీటరు పొడుగుంటది. అందులో బట్టలుతికే జాగ, పిల్లల బడి, దవాఖాన. దానం కాదది, వార్డు ఓటు తెచ్చిన ఇల్లు.

ఉన్నోళ్లు ఊకున్నరా? 1934 ఫిబ్రవరిల నియంత డోల్ఫస్ సైన్యం ఆ ఇండ్ల మీదికి ఫిరంగులు పేల్చింది. ఎన్నికైన నగర సభను రద్దు చేసింది. ఓటుతో వచ్చినదాన్ని తుపాకితో తీసుకున్నరు. అయినా కట్టిన ఇండ్లు పోలేదు. వియన్నాలో ఇప్పటికీ సగం మంది దాక నగరం కట్టిన ఇండ్లల్ల, నగరం సాయంతో కట్టిన ఇండ్లల్లనే ఉంటున్నరు. అట్లని అదేదో స్వర్గమని మేము అనం. 2025 ఏప్రిల్ 27న అక్కడ నగర సభ ఎన్నిక జరిగితే, ఓటు వయసున్న జనంల మూడో వంతుకు పైగా మందికి ఓటే లేదు. ఇతర దేశాల నుండి వచ్చినోళ్లు, పౌరసత్వం లేనోళ్లు. ఆ పట్నం ఊడ్చెటోళ్లు, కట్టెటోళ్లు చానామంది వాళ్లలోనే ఉన్నరు. వాళ్లకు లేని ఓటు మన చేతిల ఉన్నది, మనం దాన్ని ఏకగ్రీవానికి ఇస్తున్నం.

చుట్టుపక్కల ఊర్ల నుండి వచ్చినోళ్లు "మాకెందుకు ఈ మున్సిపాలిటీ గోల" అనుకోవద్దు. మన పరకాల కూడా గ్రామ పంచాయతీగా ఉన్నదే. 2014లో నగర పంచాయతీకి ఓటేసినం, 2020లో మున్సిపాలిటీకి వేసినం. పట్నం పెరుగుతుంటే పక్క ఊరును కలుపుకుంటది. కలిసిన నాడు ఏం జరిగింది? 2005 ఉపాధి హామీ చట్టం గ్రామాలకే రాసింది గనుక, మున్సిపాలిటీల కలిపిన ఊర్లల్ల జాబ్ కార్డులు చెల్లకుండ పోయినయి. మట్టి పని పోయింది, ఇంటి పన్ను మాత్రం పట్నం లెక్కకు వచ్చింది. వీధి దీపం, నల్లా వస్తయన్నరు. అవి ఏ వాడకు ముందు వచ్చినయో మీకే ఎరుక. ఊరు కలపాల్నా వద్దా అని గ్రామసభలో అడిగే నాడు మనోళ్లు అక్కడ ఉండాలె.

కాబట్టి పని సంగతి చెప్తం. వార్డుల గీతలు గీసేటప్పుడు ముసాయిదా ఆఫీసు గోడకు అంటిస్తరు. అభ్యంతరం చెప్పుటానికి ఇచ్చేది కొద్ది రోజులే. ఒక్క వాడను రెండు మూడు వార్డుల్లకు చీల్చితే ఎక్కడా మన ఓటు లెక్కకు రాదు. ఆ గీత కత్తి కన్న పదును. చదువుకున్న పిల్లలు పటం పట్టుకుని వాడల తిరగాలె, ఇంటి నంబర్లు సరిచూడాలె, బతుకపోయినోళ్ల పేర్లు జాబితాల నుండి కొట్టేసిండ్రా చూడాలె. ముంబై పోయినోడు, భీవండి పోయినోడు పోలింగు నాడు వస్తడా రాడా అన్నది తర్వాత, ముందు పేరు ఉండాలె.

రెండోది పద్దు. మున్సిపాలిటీ ఏటా బడ్జెట్ పెడుతది. ఎస్సీ వాడలకు పక్కకు తీసి పెట్టాల్సిన సొమ్ము ఎంత, ఖర్చు ఎక్కడ అయింది అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దారిద్య్రరేఖ కింద ఉన్నోళ్లకు ఫీజు కూడా లేదు. సబ్ ప్లాన్ చట్టం 2013లో ఊరికే రాలేదు, ఏండ్ల తరబడి దారి మళ్లిన నిధుల లెక్క తీసి కొట్లాడితే వచ్చింది. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చింది. ఆ లెక్క హైదరాబాదుల తీసినోళ్లు ఉన్నరు. పరకాల లెక్క ఎవరు తీస్తరు?

ఈ కూటమి లేచేలోపు ఒక్కో వాడ నుండి ఇద్దరు పేర్లు రాసి ఇయ్యండ్రి, అందులో ఒకరు ఆడమనిషి ఉండాలె. సఫాయి పనిచేసే అక్కలు ఎవరన్న ఉంటే ముందుగాల వాళ్ల పేరే రాయండ్రి. ఏ మోరీ ఎక్కడ తెగిందో, ఏ బిల్లు ఎవరి పేరు మీద పాస్ అయిందో ఆఫీసుల కూసున్నోళ్ల కన్న వాళ్లకే బాగ ఎరుక. గడిచిన అయిదేండ్ల పద్దు నకళ్లకు దరఖాస్తులు ఇక్కడనే రాద్దాం. కాగితాలు, పెన్నులు తెచ్చినం.