పగడమూ, రాతిపువ్వు చుట్టమూ



మన మసాలాలో పడే రాతిపువ్వు పువ్వు కాదు, లైకెన్. అందులో శిలీంధ్రం ఆశ్రయమిస్తుంది. దానిలో కాపురముండే శైవలం, అనగా పాచి జాతి సూక్ష్మజీవి, ఎండతో ఆహారం వండిపెడుతుంది. సముద్రంలో దిబ్బలు కట్టే పగడపు జీవిదీ ఇదే కాపురం. (ఉంగరంలోని ఎర్ర పగడం వేరు, దానిలో శైవలం ఉండదు.)

రాతిపువ్వుకు దూరపు చుట్టం, ఎరియోడెర్మా పెడిసెల్లేటమ్, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ అడవులలో ఫర్ చెట్లపై బ్రతుకుతున్నది. 2003లో దానిని అంతరించే ప్రమాదం మిక్కిలిగా ఉన్న జాతులలో చేర్చారు. దాని కష్టం పుట్టుకతోనే మొదలు. సిద్ధబీజం గాలిలో ఒంటరిగా పోతుంది. తడి బెరడుపై తగిన నీలి ఆకుపచ్చ శైవలం ఎదురుపడితేనే లైకెన్ అవుతుంది. అడవి నరికినా, గాలిలో ఆమ్లం పెరిగినా ఆ కలయిక అరుదైపోతుంది.

పగడాలలోనూ అనేక జాతుల పిల్లలకు తల్లి శైవలాన్ని ఇచ్చి పంపదు, నీటిలో వెదకుకోవలసిందే. దొరికిన తరువాత కూడ ఎడబాటు భయమున్నది. సముద్రం మామూలు వేసవి వేడిని ఒక్క డిగ్రీ మించి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం ఆ శైవలాన్ని తానే వెళ్లగొట్టి తెల్లబడుతుంది. రామేశ్వరం దరినున్న మన్నారు సింధుశాఖలో 1998లోనూ, 2016లోనూ అట్లే జరిగింది.

తెల్లబడిన పగడం వెంటనే చావదు. నీరు త్వరగా చల్లబడితే శైవలం తిరిగి చేరవచ్చు. నరికిన ఫర్ చెట్టుపై లైకెన్‌కు ఆ గడువు దొరకదు.