మద్రాసులో మైకేల్ మధుసూదన దత్తు



బెంగాలీ కవి అనగానే మనకు రవీంద్రనాథ ఠాగూరు గుర్తుకు వస్తారు. ఆయన 1919లో మన మదనపల్లెకు వచ్చి, జనగణమన గీతాన్ని అక్కడే ఇంగ్లీషులోకి మార్చిన సంగతి సరిహద్దు జిల్లాల వారికి కొత్త కాదు. ఈ రోజు నేను చెప్పబోయేది ఆయన కంటే ముందుతరం కవి గురించి. ఆయన మద్రాసులో బడిపంతులుగా పనిచేస్తూ రోజుకు మూడు గంటలు తెలుగుకూ సంస్కృతానికీ కేటాయించాడు. ఆయన పేరు మైకేల్ మధుసూదన దత్తు.

ఈయన కథ నాకు ఎందుకు పట్టిందో ముందుగా మనవి చేస్తాను. నేను బెంగళూరు పీణ్యలో ఉపాధ్యాయుణ్ణి. ఇక్కడి కార్ఖానాల్లో పనిచేసేవారిలో మడకశిర, హిందూపురం, మదనపల్లె వైపుల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పన్నెండేళ్ల క్రితం లేతు మిషను మీద పనిచేసే ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి, పిల్లవాడికి ఇంగ్లీషు రావడం లేదని బాధపడ్డాడు. "ఇంట్లో తెలుగు మానేయండి, వచ్చీరాని ఇంగ్లీషైనా సరే, అదే మాట్లాడండి" అని నేను సలహా ఇచ్చాను. ఆయన నా మాట నమ్మాడు. ఆ సలహా ఏమైందో చివర చెబుతాను.

మధుసూదనుడు 1824 జనవరి 25న జెసోరు జిల్లాలోని సాగర్‌దారి గ్రామంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి కలకత్తాలో పేరున్న వకీలు. కుర్రవాడు హిందూ కాలేజీలో చదివి, ఇంగ్లీషు కవిత్వం మీద మోజు పెంచుకున్నాడు. ఇంగ్లండు వెళ్లి గొప్ప ఇంగ్లీషు కవి కావాలన్నదే ఆయన కల. 1843లో క్రైస్తవం స్వీకరించాడు. ఇంటితో సంబంధం చెడింది. కొంతకాలానికి తండ్రి డబ్బు పంపడం మానేశాడు. చేతిలో పైసా లేక, ఓడెక్కి 1848 జనవరిలో మద్రాసులో దిగాడు.

మద్రాసులో అనాథ బాలుర బడిలో ఉపాధ్యాయుడిగా చేరాడు. అక్కడే రెబెకా అనే యువతిని పెళ్లాడాడు. పత్రికలకు రాశాడు, కొన్నిటిని నడిపాడు. 1849లో పృథ్వీరాజు కథను తీసుకుని 'కేప్టివ్ లేడీ' అనే ఇంగ్లీషు కావ్యం అచ్చువేశాడు. దాన్ని కలకత్తాలో బెథూన్ దొరకు పంపించారు. ఆడపిల్లల కోసం అక్కడ బడి పెట్టిన బెథూన్ ఆయనే. ఇంగ్లీషు చదువు వల్ల అబ్బిన అభిరుచిని సొంత భాషకు ఉపయోగిస్తే మేలు కదా అని ఆ దొర సలహా చెప్పాడు. ఒక ఇంగ్లీషువాడు ఒక బెంగాలీకి బెంగాలీలో రాయమని చెప్పవలసి వచ్చింది!

అప్పటికే మధుసూదనుడికి లోలోపల బెంగ మొదలైంది. తన బెంగాలీ మరుపున పడిపోతోందనీ, కాశీదాసు భారతమూ కృత్తివాసు రామాయణమూ పంపమనీ బాల్యమిత్రుడు గౌరదాసుకు ఉత్తరం రాశాడు. అదే మిత్రుడికి 1849 ఆగస్టులో రాసిన మరో ఉత్తరంలో తన దినచర్య వివరించాడు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా హీబ్రూ, ఎనిమిది నుంచి పన్నెండు దాకా బడి, పన్నెండు నుంచి రెండు దాకా గ్రీకు, రెండు నుంచి ఐదు దాకా తెలుగు, సంస్కృతం, ఐదు నుంచి ఏడు దాకా లాటిను, ఆపైన రాత్రి పది దాకా ఇంగ్లీషు.

ఈ పట్టికలో బెంగాలీ లేదు, గమనించారా? అయితే ఉత్తరంలో ఆయన వేసిన ప్రశ్న ఒకటుంది. ఈ శ్రమంతా తన తండ్రితాతల భాషను అలంకరించడానికి సన్నాహం కాదా అని అడిగాడు. అంటే మిగతా భాషలన్నీ సొంత భాషకు పెట్టుబడి అన్నమాట.

ఆ రోజుల్లో మద్రాసులో తెలుగు చదవడానికి సాధనాలకు లోటు లేదు. మన కడపలో పనిచేసిన బ్రౌన్ దొర రాసిన తెలుగు వ్యాకరణం 1840లోనే అచ్చయింది. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది.

తండ్రి మరణవార్త విని, 1856లో మధుసూదనుడు కలకత్తాకు తిరిగి వెళ్లాడు. రెబెకానూ నలుగురు పిల్లలనూ మద్రాసులోనే వదిలేశాడు. ఆయన జీవితంలో ఇది చెరగని మచ్చ. కవిని మెచ్చుకునేటప్పుడు దీన్ని దాచిపెట్టడం న్యాయం కాదు.

కలకత్తాలో ఆయన కలం బెంగాలీలో పరవళ్లు తొక్కింది. 1859లో 'శర్మిష్ఠ' నాటకం, 1860లో 'తిలోత్తమా సంభవం', 1861లో 'మేఘనాదవధ కావ్యం' వచ్చాయి. ఠాగూరు పుట్టింది కూడా ఆ 1861లోనే. మేఘనాదుడంటే మన తోలుబొమ్మలాటలో మనం చూసే ఇంద్రజిత్తే. తొమ్మిది సర్గల ఈ కావ్యంలో నాయకుడు అతడే. ఆయుధం లేకుండా పూజలో కూర్చున్న వీరుణ్ణి లక్ష్మణుడు చంపడం, కొడుకును పోగొట్టుకున్న రావణుడి దుఃఖం, భార్య ప్రమీల చితి ఎక్కడం చదివినవారి గుండె తడి కాక మానదు.

ఛందస్సులోనూ ఆయన కొత్తదారి తొక్కాడు. బెంగాలీ పయారు ఛందంలో పాదానికి 14 అక్షరాలుంటాయి, రెండేసి పాదాల చివర ప్రాస కలవాలి. మిల్టను దారిలో ఆయన ఆ అంత్యప్రాసను తీసేశాడు. భావం పాదం చివర ఆగకుండా ముందుకు సాగేలా చేశాడు. పోతన పద్యం విన్న మన చెవికి ఇది వింత కాదు. మన వృత్తాల్లో ప్రాస పాదం రెండో అక్షరంలో ఉంటుంది, మాట ఒక పాదంలో మొదలై మరో పాదంలోకి పారుతుంది. బెంగాలీలకు మాత్రం అది పెద్ద సంచలనం.

1862లో ఆయన బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లాడు. చివరికి చిన్ననాటి కల తీరింది. కానీ అక్కడి నుంచి ఫ్రాన్సులోని వెర్సాయికి చేరేసరికి చేతిలో డబ్బు లేదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు సొమ్ము పంపి ఆదుకున్నాడు. ఆ కష్టంలో, అంత దూరంలో, ఆయన పద్నాలుగు పాదాల పద్యాలు రాశాడు. ఏ భాషలో? బెంగాలీలో. వాటిలో ఒకటి తన ఊరి పక్కన పారే కపోతాక్ష నది మీద. 1867లో తిరిగివచ్చినా అప్పులు, జబ్బులు వదలలేదు. 1873 జూన్ 29న కలకత్తా ఆసుపత్రిలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 49 ఏళ్లు.

ఇక నా సలహా సంగతి. ఆ పిల్లవాడు ఇప్పుడు పీణ్యలోనే ఒక వర్కుషాపులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడతాడు, కన్నడం చదువుతాడు, రాస్తాడు. కొన్నాళ్ల క్రితం తాతగారి పొలం పాసుపుస్తకం పట్టుకుని వచ్చాడు. "సార్, ఇది రవ్వంత చదివి చెప్పండి" అన్నాడు. తాత పేరును కూడా అతడు గుర్తుపట్టలేకపోయాడు. నేను చదివి చెప్పాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి ఆదివారం నుంచి అతణ్ణి మా ఇంటికి రమ్మన్నాను. కన్నడ అక్షరం పక్కన తెలుగు అక్షరం రాసి చూపించాను. తలకట్టు మారుతుంది, చాలా అక్షరాల ఒళ్లు ఒకటే. కొద్ది వారాల్లోనే కూడబలుక్కుని చదవసాగాడు. మొదట చదివింది తాత పేరే.

శ్రోతలారా, పిల్లలకు ఇంగ్లీషు నేర్పించండి, ఉన్న ఊరి భాష కన్నడం తప్పక నేర్పించండి. కానీ వాటికోసం ఇంటి భాషను బలిపెట్టనక్కరలేదు. మధుసూదనుడు ఇన్ని భాషలు నేర్చి కూడా సొంత భాషలోనే నిలిచాడు. పరాయి ఊళ్లో ఆయన రోజుకు మూడు గంటలు కేటాయించిన చదువులో మన తెలుగు కూడా ఉంది. మన తెలుగుకు మనం రోజుకు అరగంట ఇవ్వలేమా?