జిడ్డు మరకలు - మన విద్య



మన సిద్దిపేట గొల్లభామ చీరపై నూనె చిందినచో, పలువురు తొందరపడి నీళ్లు చల్లుదురు. నీటికి నూనె కరగదు. ముందు బియ్యపుపిండి గాని సుద్దపొడి గాని చల్లి, అది జిడ్డును పీల్చిన పిమ్మట దులిపి, కుంకుడురసముతో నుదుకవలయును. మరక పోకమునుపు ఇస్త్రీ తగిలించరాదు. వేడికి మరక స్థిరపడును.

మన పెద్దలు తెల్లని నూలుబట్టలను చవుటిమంటి నీట తడిపి ఉబ్బవేసెడివారు. ఆ మంటిలోని క్షారము వేడితో గూడి, నూనెలో కొంత భాగమును సబ్బుగా మార్చును. ఆ క్షారమే పట్టును, ఉన్నిని చెరచును, రంగులను వెలవెలబార్చును.

ఏ బట్టకేది తగునో యెరుగుటయే మన విద్య. ఒక్క చీర చెడినచో కూలియే గాదు, నమ్మకమును పోవును. కావున ఈ విద్యను హీనమని యెంచక, కారణములతోగూడ బిడ్డలకు నేర్పవలయునని ప్రార్థించుచున్నాను.